దాచుకునే చికిత్స, దాచకూడని అర్హత

(జగిత్యాలలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ డాక్టరు సారు తన పేరు వెనుక ఎం.బి.బి.ఎస్. తప్ప ఇంకో అక్షరం రాసుకోలేదు. తన చేతికి అందని కేసు వస్తే ఒక చీటీ రాసిచ్చి కరీంనగర్‌కో, వరంగల్ ఎం.జి.ఎం.కో, హైదరాబాద్ ఉస్మానియాకో పంపేవారు. ఎవరి దగ్గరికి పంపుతున్నారో, ఎందుకు పంపుతున్నారో ఆ చీటీలో స్పష్టంగా ఉండేది. తనకు ఏది రాదో తెలిసిన వైద్యుడు ఆయన. ప్రభుత్వ దవాఖానల్లో జనరల్ సర్జన్‌గా పనిచేసిన నాకు ఆ గుణం విలువ తెలుసు. అందుకే ఈ ఏడాది ఉపన్యాసానికి ఈ విషయం ఎంచుకున్నాను: ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎవరు, కాస్మెటిక్ సర్జన్ అని బోర్డు పెట్టుకున్న వ్యక్తి ఎవరు, ఆ తేడా మన ఊళ్లలో ఎందుకు తెలియాలి.

మన దగ్గర పిత్తాశయంలో రాయి ఉందంటే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటాం. మేనమామను అడుగుతాం, నర్సు పని చేసే వదినను అడుగుతాం, అదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఇంటికి పోయి అడుగుతాం. కానీ జుట్టు నాటించుకోవడానికి, పొట్ట మీది కొవ్వు తీయించుకోవడానికి, ముక్కు సరిచేయించుకోవడానికి, పెరిగిన రొమ్ము తగ్గించుకోవడానికి వెళ్లే యువకుడూ యువతీ ఎవరికీ చెప్పరు. పెండ్లి కుదరకముందే పని అయిపోవాలి. దుబాయి నుంచి నలభై రోజుల సెలవు మీద వచ్చిన తమ్ముడికి తిరిగి విమానం ఎక్కేలోపు అంతా అయిపోవాలి. అమ్మకు కూడా చెప్పని చికిత్సకు సలహా ఇచ్చేవారెవరు? సెల్‌ఫోన్‌లో వచ్చే ప్రకటన ఒక్కటే. ఈ దాపరికం వల్లే తప్పుడు చేతులకు ఇంత పని దొరుకుతోంది. అందంగా కనిపించాలనుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బుతో ముఖం మీది కాలిన మచ్చ తగ్గించుకోవాలనుకునే ఆడపిల్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమెకు అడిగే ధైర్యం ఇవ్వాలి, అడగాల్సిన ప్రశ్న చెప్పాలి.

మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ తయారయ్యే దారి ఇది. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. తర్వాత జనరల్ సర్జరీలో ఎం.ఎస్. మూడేళ్లు. ఆ తర్వాత దేశవ్యాప్త సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష రాసి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. మరో మూడేళ్లు. మొత్తం పదకొండున్నర ఏళ్లు. నేషనల్ బోర్డ్ పరీక్షల దారిలో వచ్చినవారికి డి.ఎన్.బి. అనో, కొత్త పేరుతో డి.ఆర్.ఎన్.బి. అనో ఉంటుంది. ఆ మూడేళ్లలో కాలిన గాయాలు, తెగిపోయిన వేళ్లు, గ్రహణం మొర్రి, ప్రమాదంలో నలిగిన దవడ, క్యాన్సర్ తీసేశాక మిగిలిన ఖాళీని నింపడం, సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కుట్టడం నేర్పుతారు. ముక్కు, రొమ్ము, పొట్ట, కనురెప్పల సౌందర్య చికిత్సలు కూడా ఆ పాఠ్యక్రమంలోనివే. సౌందర్య శస్త్రచికిత్స వేరే శాస్త్రమేమీ కాదు, ప్లాస్టిక్ సర్జరీ చెట్టుకు కొమ్మే.

మరి కాస్మెటిక్ సర్జన్? ఆ పేరుతో నేషనల్ మెడికల్ కమిషన్ గుర్తించిన ఎం.ఎస్. గానీ ఎం.సి.హెచ్. గానీ లేదు. కాబట్టి ఆ రెండు మాటలు వైద్యుడి చదువు గురించి ఏమీ చెప్పవు. ఆ బోర్డు వెనుక ఎం.సి.హెచ్. చదివిన ప్లాస్టిక్ సర్జన్ ఉండవచ్చు, ఎందుకంటే చాలామంది రెండు పేర్లూ కలిపి రాసుకుంటారు. చర్మవైద్యంలో ఎం.డి. చేసిన డాక్టరు ఉండవచ్చు. ఎం.బి.బి.ఎస్. తర్వాత ప్రైవేటు సంస్థలో కొన్ని వారాల కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్న వ్యక్తీ ఉండవచ్చు. వైద్యమే చదవని మనిషి కూడా ఉన్న సందర్భాలున్నాయి. బోర్డు చూసి వీళ్లలో ఎవరు ఎవరో చెప్పలేం.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య పెరిగినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. వార్పిన్ పట్టే మనిషి పనిమంతుడే, సాంచె నడిపే మనిషీ పనిమంతుడే, కానీ ఒకరి పని ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆసామి ఒప్పుకోడు. బట్ట విషయంలో ఉన్న ఈ పట్టింపు చర్మం విషయంలో ఎందుకు వదిలేస్తున్నామన్నదే నా బాధ.

అమెరికాలో ఈ గొడవ చాలా ఏళ్లుగా ఉంది. మన జిల్లాల పిల్లలు అక్కడ స్థిరపడ్డారు, ఆ మాటలు మన ప్రకటనల్లోకీ వచ్చాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అక్కడ అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ 1937లో ఏర్పడింది. వైద్య స్పెషాలిటీలన్నిటికీ కలిపి ఉన్న సమాఖ్యలో ఇప్పుడు 24 బోర్డులున్నాయి, వాటిలో అది ఒకటి. అమెరికన్ బోర్డ్ ఆఫ్ కాస్మెటిక్ సర్జరీ అని ఇంకొకటి ఉంది, అది ఆ 24లో లేదు. మొదటి బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే ప్లాస్టిక్ సర్జరీలో ఏళ్ల తరబడి రెసిడెన్సీ చేసి ఉండాలి. రెండోదానికి వేరే శాఖలో రెసిడెన్సీ చేసి, పైన ఏడాది ఫెలోషిప్ చేసినవారు వస్తారు. ఇద్దరూ ప్రకటనలో రాసుకునేది మాత్రం ‘బోర్డ్ సర్టిఫైడ్’ అనే. ఏ బోర్డు అన్నది చదివేవాడికి తట్టదు. మన దేశంలో అలాంటి బోర్డుల వ్యవస్థ లేదు, ఉన్నది విశ్వవిద్యాలయ డిగ్రీ, నేషనల్ బోర్డ్ డిగ్రీ. అయినా ‘బోర్డ్ సర్టిఫైడ్ కాస్మెటిక్ సర్జన్’ అన్న మాట ఇక్కడి ప్రకటనల్లో కనిపిస్తే అది ఏ బోర్డని అడగండి.

ఆస్ట్రేలియా ఇంకా గట్టి నిర్ణయం తీసుకుంది. అక్కడ ఏ డాక్టరైనా తనను కాస్మెటిక్ సర్జన్ అని పిలుచుకునే వీలు ఉండేది. 2021లో ఒక టీవీ పరిశోధన కార్యక్రమం ఆ క్లినిక్‌ల లోపలి పరిస్థితి బయటపెట్టింది. 2023 సెప్టెంబరులో చట్టం మారింది. శస్త్రచికిత్సలో గుర్తింపు పొందిన శిక్షణ ఉంటే తప్ప సర్జన్ అన్న బిరుదు వాడకూడదు. నా ఉద్దేశంలో మన దేశానికి కావలసింది సరిగ్గా ఈ చట్టమే.

మనకు చట్టమే లేదని కాదు. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి ఇప్పటికీ అమల్లో ఉంది. 2023లో కొత్తది తెచ్చారు, అదే ఏడాది ఆగస్టులో నిలిపివేశారు. పాత నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి, మందుల చీటీ మీద, రసీదు మీద వేయాలి. ఒక శాఖలో ప్రత్యేక అర్హత లేనిదే ఆ శాఖ నిపుణుడినని చెప్పుకోకూడదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మన కాగితాలు మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవన్నీ బలమైన నియమాలే. అయితే పేరు వెనుక అక్షరాల విషయంలో ఒక సందు వదిలారు. గుర్తింపు ఉన్న డిగ్రీలే కాక వృత్తి జ్ఞానం ఇచ్చే సర్టిఫికెట్లు, డిప్లొమాలు, సభ్యత్వాలు కూడా రాసుకోవచ్చని ఉంది. కొద్దిరోజుల కోర్సుల అక్షరాలన్నీ ఆ సందులోంచే పేర్ల వెనుక చేరాయి. సామాన్యుడికి ఎం.సి.హెచ్. అన్నా, ‘ఫెలో ఇన్ కాస్మెటిక్ మెడిసిన్’ అన్నా ఒక్కలాగే కనిపిస్తాయి.

జుట్టు నాటే చికిత్స విషయంలో మాత్రం నేషనల్ మెడికల్ కమిషన్ సూటిగా మాట్లాడింది. ఢిల్లీలో ఆ చికిత్స తర్వాత ఒక వ్యక్తి చనిపోయిన ఉదంతంలో అక్కడి హైకోర్టు జోక్యం చేసుకున్నాక, 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. శస్త్రచికిత్సలో పద్ధతి ప్రకారం శిక్షణ ఉన్నవారే చేయాలని, ప్లాస్టిక్ సర్జరీ, చర్మవైద్యం పీజీల్లో ఈ శిక్షణ భాగమని చెప్పింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది చాలదని కూడా రాసింది. ఒక జాతీయ సంస్థ యూట్యూబ్ పేరెత్తి ఆ మాట రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా పోయిందో ఆలోచించండి.

తల మీద చిన్న చిన్న గాట్లే కదా అనుకుంటారు. ఆ గాట్లు వందలూ వేలూ ఉంటాయి. గంటల తరబడి మత్తు ఇంజెక్షన్లు పడుతుంటాయి. లిగ్నోకెయిన్ అనే ఆ మత్తుమందు మోతాదు బరువును బట్టి లెక్క కట్టాలి, ఎక్కువైతే మూర్ఛ వస్తుంది, గుండె లయ తప్పుతుంది. అప్పుడు ఆ గదిలో ఆక్సిజన్ ఉండాలి, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. కొవ్వు తీసే లైపోసక్షన్‌లో ప్రమాదం ఇంకా పెద్దది. కొవ్వు తునకలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరవచ్చు, గొట్టం లోతుగా పోతే పేగు చిల్లుపడవచ్చు. ఒకే విడతలో ఐదు లీటర్లు దాటి తీస్తే వైద్యులు దాన్ని పెద్ద ఆపరేషన్‌గా లెక్కించి, రాత్రి ఆసుపత్రిలో ఉంచి చూసుకోవాలంటారు. ముఖం మీది ముడతలు నింపే ఫిల్లర్ సూది కనుబొమల మధ్యో ముక్కు దగ్గరో రక్తనాళంలోకి దిగితే చూపు పోవచ్చు. హైల్యూరోనిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్‌ను కరిగించే మందు ఉంది. అది చేతికందే దూరంలో ఉండాలి, ఎప్పుడు వాడాలో తెలియాలి. పదకొండేళ్ల చదువులో సగం నేర్పేది ఇదే: చెడిపోతున్నప్పుడు గుర్తుపట్టడం, గుర్తుపట్టాక ఏం చేయాలో తెలిసి ఉండటం.

నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో చనిపోయినప్పుడు తెలుగు ఇళ్లన్నిటిలో లైపోసక్షన్ మాట వినిపించింది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె ఆ చికిత్స చేయించుకున్నారని వార్తలు వచ్చాయి. మరణానికి అదే కారణమని నేను చెప్పడం లేదు, చెప్పే హక్కూ నాకు లేదు. వెండితెర మీద అందరూ మెచ్చుకున్న అమ్మాయికి కూడా తన శరీరం చాలదనిపించేంత ఒత్తిడి లోకం పెట్టిందే, అది మాత్రం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

మన బజార్ల సంగతికి వద్దాం. బరువైన బుట్టలు పెట్టుకుని చెవి తూటు సాగి తెగిపోయిన పెద్దమ్మలు ఎందరో. మందు పూసి అతికిస్తామని బ్యూటీ పార్లర్లలో చేస్తున్నారు. ఆ మందు చర్మాన్ని కాల్చే ఆమ్లం. కొందరికి అతుకుతుంది, కొందరికి పుండుపడి గట్టి కండగా పెరుగుతుంది. సర్జన్ దగ్గరికి పోతే అది చిన్న మత్తు సూది, నాలుగైదు కుట్లతో అయ్యే పని. ముఖం తెల్లబడాలని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములది ఇంకో కథ. చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, మానేస్తే ఇంకా మండుతుంది. ఆ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లో కట్టుదిట్టం చేసింది. అమ్మకం ఆగలేదు. ఇక ఊళ్లలోని ఆర్‌.ఎం.పి.లు, వారిలో మంచివారున్నారు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది వారే. కానీ పట్నంలోని ఫలానా క్లినిక్‌కు పో అని చెప్పి వెనుక నుంచి డబ్బు తీసుకోవడం ఆ కుటుంబానికి చేసే ద్రోహం. ఈ మాట వారి ముఖం మీదే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ప్లాస్టిక్ సర్జన్లకే అన్నీ తెలుసు, మిగతావారంతా నకిలీలు అని నేను అనడం లేదు. ముక్కు ఆపరేషన్ చక్కగా చేసే ఈ.ఎన్.టి. సర్జన్లున్నారు. కనురెప్పల మీద ప్రత్యేక శిక్షణ పొందిన కంటి వైద్యులున్నారు. దవడ ఎముకలు సరిచేసేది ఎం.డి.ఎస్. చదివిన మాక్సిలోఫేషియల్ సర్జన్లు. లేజర్, బొటాక్స్, మచ్చల చికిత్స చర్మవైద్యుల రంగం. డిగ్రీ ఉన్నంత మాత్రాన చేయి తిరిగినట్టూ కాదు. అందుకే డిగ్రీ అడిగాక, ఈ ఆపరేషన్ మీరు తరచూ చేస్తారా, చెడితే ఏ ఆసుపత్రిలో చేరుస్తారు అనీ అడగాలి. కానీ మొదటి ప్రశ్న డిగ్రీయే.

ఈ విద్యలో సాధనకు ఎంత విలువో చెప్పే పాత సంగతి ఒకటుంది. మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యానికి ఎడ్లబండి తోలిన కోవాస్‌జీ అనే మనిషి టిప్పు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. పుణె దగ్గర, తరతరాలుగా ఈ విద్య తెలిసిన ఒక మనిషి నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు చేశాడు. ముక్కును తిరిగి చేయడం సుశ్రుతుడి కాలం నుంచి మన దేశంలో ఉన్న విద్య. ఆ వివరం బొమ్మతో సహా 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ వెంటనే కత్తి పట్టలేదు. ఏళ్లపాటు శవాల మీద సాధన చేసి, 1814లో గానీ బతికున్న మనిషిని ముట్టుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు చితికిన సైనికుల కోసం ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో హెరాల్డ్ గిల్లీస్ నడిపిన ఆసుపత్రిలో 5,000 మందికి పైగా చికిత్స పొందారు. ఇవాళ సౌందర్యం కోసం చేసే ఆపరేషన్ల మెలకువల్లో చాలా భాగం ఆ సైనికుల మంచాల దగ్గర పుట్టినవే. దెబ్బతిన్న మనిషికి ముఖం తిరిగి ఇవ్వడం నేర్చుకున్న చేతులే బాగున్న ముఖాన్ని ముట్టుకోవాలి. నా వాదన అంతా ఇంతే.

ఆ దెబ్బతిన్న మనుషులు మన మధ్యే ఉన్నారు. బావి దగ్గర మోటారు వేయబోయి కరెంటు షాక్‌కు చేయి కాలిన రైతు, స్టవ్ మంట అంటుకున్న ఇల్లాలు, సాంచెలో వేలు నలిగిన కార్మికుడు, గ్రహణం మొర్రితో పుట్టిన పసిబిడ్డ. వీరికి కావలసింది కూడా ప్లాస్టిక్ సర్జనే. కాలిన గాయాలకు, గ్రహణం మొర్రికి ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షల రూపాయలు. అందం కోసం చేసే చికిత్స అందులోకి రాదు. కాలిన చర్మం ముడుచుకుని మెడ వంగిపోతే, వేళ్లు అతుక్కుపోతే, అది అందం సమస్య కాదు. దానికి సాయం అందుతుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఈ తేడా తెలియక అప్పు చేసిన కుటుంబాలను నేను చూశాను.

ఏదైనా చెడితే ఏం చేయాలన్నది చాలామందికి తెలియదు. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. చికిత్స ఏమిటి, ప్రమాదాలేమిటి, వేరే దారులేమిటి అన్నది రోగికి చెప్పి తీసుకున్నదే అనుమతి అని అదే కోర్టు 2008లో చెప్పింది. ఇంగ్లిషులో అచ్చయిన కాగితం మీద వేలు పెట్టించుకుంటే అది అనుమతి ఎలా అవుతుంది? తెలుగులో ఇమ్మని అడగండి. డాక్టరు తప్పు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాయవచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. సిగ్గుపడి ఊరుకుంటే ఈ చట్టాలేవీ పనిచేయవు.

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మా తరం కలలో కూడా అనుకోని సంగతి ఇది. ఆ కళాశాలల విద్యార్థులు ఇక్కడ కూర్చున్నారు. బాబూ, అమ్మా, మీరు రేపు ఏ శాఖలోకి పోయినా మీ బోర్డు మీద మీరు చదివినదే రాయండి, రిజిస్టరులో ఉన్నదే రాయండి. రానిది వస్తే సారు లాగా చీటీ రాసి పంపండి.

ప్రభుత్వానికి నా విన్నపాలు రెండు. ఈ రెండు కళాశాలల ఆసుపత్రుల్లోనూ ప్లాస్టిక్ సర్జన్ శాశ్వతంగా ఉండే ఏర్పాటు చేయాలి. మన జిల్లాల్లో చర్మం, జుట్టు, సౌందర్య చికిత్సలు చేసే ప్రతి క్లినిక్‌లోని డాక్టరు పేరు, గుర్తింపు పొందిన డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు తెలుగులో రాసిన పట్టికను జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం గోడకు, మున్సిపాలిటీ గోడకు అంటించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

మీకు నా మనవి ఒక్కటే. చికిత్స ఊరికి చెప్పకపోయినా పరవాలేదు, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ఆ ఒక్కరిని వెంటబెట్టుకుని క్లినిక్‌కు పోండి. డబ్బు కట్టకముందే డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోండి, మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా ఏ డిగ్రీ ఉందో చూడండి. చూడటం రాకపోతే ఈ కళాశాల పిల్లలను అడగండి, చూసిపెడతారు. నంబరు చెప్పడానికి తటపటాయించే చోటు నుంచి లేచి వచ్చేయండి.